టోపీకి కిటికీ

రూబీ సిస్టర్ సంచిలోంచి తీసి బల్ల మీద పరిచిన కాగితాన్ని పీరా ముందు తలకిందులుగా చూశాడు. తప్పు అతనిది కాదు. ఆ బొమ్మలో ఏది పైనో ఏది కిందో తేల్చుకోవడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది.

"ఇటండన్నా," అని ఆవిడే తిప్పి పెట్టింది.

అప్పుడు కనిపించింది. ముఖంలో సగం కళ్లే ఉన్న ఒక అమ్మాయి. ముక్కు ఉందా లేదా అన్నట్టు చిన్న గీత. నెత్తిన మాత్రం ఊరంత టోపీ, ముదురు నీలం. శిఖరం నిటారుగా లేచి, సగం దారిలో మనసు మార్చుకున్నట్టు వెనక్కి వంగి, ఎండుమిరపకాయలా మెలితిరిగింది. రెండు పక్కలా చెవుల మీదుగా దవడ దాకా దిగే వెడల్పాటి రెక్కలు. అంచులకి ఆవపిండి రంగు పైపింగు.

"ఇదేం టోపీ సిస్టర్? ఏ కంపెనీది?"

దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఆ యూనిఫాం వర్క్‌షాపులో టోపీ అనే మాట వినపడితే పీరా అడిగే మొదటి ప్రశ్న అదే. సెక్యూరిటీ గార్డులదా, హోటల్ దర్వాన్లదా, బస్సు డ్రైవర్లదా? మనుషులు తమంతట తాము టోపీ పెట్టుకుంటారన్న సంగతే అతను మర్చిపోయి చాలా కాలమైంది.

రూబీ నవ్వింది. "కంపెనీది కాదన్నా. మా అమ్మాయి యూనిస్ గీసింది. జపానోళ్ల బొమ్మల సినిమాలు లేవూ, యానిమే అంటారు, పిల్లలు పొద్దస్తమానం ఫోన్లలో చూస్తా ఉంటారు. ఆ తీరులో ఈ పిల్లని అదే పుట్టించుకుంది. పేరు, ఊరు, కథ అన్నీ పెట్టుకుంది. శుక్రవారం దాని పుట్టినరోజండీ, పదిహేను నిండుతాయి. ఆ రోజే పెద్ద హాల్లో ఇలాంటి వేషాలేసుకుని పిల్లలంతా కలుస్తారంట. ఈ టోపీ నిజంగా చేతిలో పెడదామని. దానికి తెలీకూడదు. బొమ్మ కూడా దొంగతనంగా ఫోటో తీసి ప్రింటు తీయించాను."

రూబీది పాలకొల్లు. ఆసుపత్రిలో నర్సు. ఆ ఆసుపత్రి యూనిఫాంలు ఇక్కడే కుడతారు. రెండేళ్ల కిందట నడుము బిగువైన ప్యాంటు పట్టుకొచ్చి, ఎవరికి చెప్పాలో తెలీక నిలబడినప్పుడు, "ఇటియ్యండమ్మా" అన్న తెలుగు మాట విని ప్రాణం లేచొచ్చినట్టయింది ఆవిడకి. అప్పట్నుంచి ప్యాంటైనా పర్దా అయినా పీరా దగ్గరికే.

"చేస్తారా అన్నా?"

పీరా కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. వర్క్‌షాపులో అతని పని పీక్ కుట్టడం. టోపీకి ముందు, కంటికి నీడపట్టే ముక్క ఉంటుందే, అది. శిఖరం ఒకరు కుడతారు, లోపలి పట్టీ ఇంకొకరు, బొత్తాం మరొకరు. చిలకలూరిపేటలో జాకెట్టు దగ్గర్నుంచి జీపు సీటు కవరు దాకా కుట్టిన చెయ్యి, ఇక్కడికొచ్చిన పదకొండేళ్లలో ఒక్క టోపీ కూడా మొదట్నుంచి చివరిదాకా కుట్టింది లేదు. దుబాయ్‌లో టోపీలు వేస్తున్నాడని ఊళ్లో నవ్వుకుంటారు గానీ, నిజానికి అతను వేసేది టోపీలో పావు వంతే.

"చేస్తాను," అన్నాడు. "తల కొలత?"

ఆవిడ సంచిలోంచి గుండ్రంగా చుట్టిన బట్టపట్టీ తీసింది. "నూనె పెడతా పెడతా తలకి చుట్టి కొలిచేశాను. పెన్నుతో గుర్తు కూడా పెట్టాను చూడండి."

పీరా దాన్ని టేపు పక్కన పెట్టి చూశాడు. యాభై నాలుగు. కొంచెం లాగాడు. యాభై ఎనిమిదైంది. ఇంకా లాగితే అరవై దాటేట్టుంది. బెణికిన కాళ్లకి చుట్టే సాగుడు బ్యాండేజీ. టేపు కనపడకపోతే నర్సు చేతికి దొరికేది ఇదే మరి.

"సిస్టర్, దీనికి నా తలా సరిపోద్ది, మా సూపర్‌వైజర్ తలా సరిపోద్ది. పాపని ఒకసారి చూడాల్సిందే."

"అయ్యో," అని నాలిక్కరుచుకుంది రూబీ. "సరేనండి, ఏదో వంక పెట్టి మంగళవారం తీసుకొస్తాను."

సూపర్‌వైజర్ నూర్ మొహమ్మద్ నిజామాబాద్ మనిషి. తయారైన ప్రతి టోపీని నిలువునా సగానికి మడిచి, అంచుకి అంచు కలిసిందా లేదా అని చూడడం ఆయన పని. కలిస్తే లోపల పచ్చచుక్క స్టిక్కరు. కలవకపోతే పక్కనున్న డబ్బాలోకి. కాగితం మీద బొమ్మని ఆయన దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"గిది టోపీయా, తందూర్ పొయ్యా?"

"టోపీయే భాయ్. దర్వాన్ల కోట్లకి వచ్చిన వెల్వెట్ ముక్క ఒకటి మిగిలింది. చెత్తలో వేసేదే."

"చెత్తల ఏసేదైతే తీస్కో. లంచ్ టైంల చేస్కో. డ్యూటీల కనబడ్డదంటే మేనేజర్‌కి నేనే చెప్త, నా మీద నారాజ్ కావొద్దు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "గా తోక గట్లెట్ల నిలబడ్తది?"

పీరాకీ అదే పట్టుకుంది. ఆదివారం లంచ్ టైం అంతా అరబ్బీ పేపరు కత్తిరించి అతికించడంతోనే గడిచిపోయింది. ఆరు ముక్కలు సమానంగా కోసి కలిపితే శిఖరం తిన్నగా మసీదు మినారులా నిలబడింది. లోపల తీగ పెడితే బలవంతంగా వంచినట్టు కనపడింది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే గంట అయిపోయింది. మర్నాడు బస్సులో వస్తూ ఒక సంగతి తోచింది. వెనక వైపు ముక్కల్ని పొట్టిగా కోసి, ముందు వైపు పొడుగు ముక్కల్ని కుచ్చు రాకుండా సర్దుకుంటూ వాటికి కుడితే? గుడ్డ తనంతట తానే వెనక్కి ఒరగాలి గదా. ఆ మధ్యాహ్నం పేపరు శిఖరం వెనక్కి ఒరిగింది. పీరా దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూసుకున్నాడు. పక్క మిషన్ల వాళ్లు కూడా లేచి వచ్చారు. ఒకాయన దాన్ని వేలితో తట్టి, అది మళ్లీ వంగడం చూసి, తల ఊపి వెళ్లాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక పని పరుగెత్తింది. వెల్వెట్ నలగకుండా తిరగేసి సుద్దతో గీతలు, లోపల గట్టిదనానికి బక్రం గుడ్డ, రెక్కలకి ఫోము. రెక్కకి కాగితం ఫర్మా ఒకటే కోసి, గుడ్డని రెండు మడతలు వేసి, దాని మీద పెట్టి ఒకేసారి కత్తిరించాడు. టోపీల పనిలో ఎవరైనా చేసేది అంతే. కుడి ఎలా ఉంటే ఎడమ అలా. ఒక్క కత్తెర, రెండు రెక్కలు. మిగిలిన వెల్వెట్ అరచెయ్యంత కూడా లేదు.

అప్పుడు మళ్లీ బొమ్మ వైపు చూశాడు. ఎడమ రెక్కలో, సరిగ్గా మధ్యలో, అర్ధచంద్రంలా ఒక ఖాళీ. దాని చుట్టూ ఏడు చిన్న చుక్కలు. ఇంతకుముందూ చూశాడు, రబ్బరుతో చెరిపిన మరకేమో అనుకున్నాడు. ఇప్పుడు అనుమానం వచ్చింది. ఫోను తీసి వాట్సాప్‌లో మాట పంపాడు. "సిస్టర్, ఎడమ రెక్కలో ఎలక కొరికినట్టు ఒక ఖాళీ ఉంది. అది బొమ్మలోదా, పొరపాటున చెరిగిందా? కుడివైపు లేదు."

ఆవిడ విన్నట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం గంట దాటాక వచ్చింది. "మూసేయండన్నా. రెండు పక్కలా ఒక్కలాగే ఉంచండి. చెవులు కప్పేస్తే బాగుంటది."

ఆ మాటతో పీరా చెయ్యి తేలికపడింది. కానీ పొరపాటైతే పొరపాటని ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా, గంటసేపు ఏం ఆలోచించింది ఈవిడ అని లోపల ఏదో పురుగు తొలిచింది.

రాత్రి తొమ్మిదయ్యేసరికి లోపలి పట్టీ తప్ప టోపీ తయారైంది. నూర్ భాయ్ అడక్కుండానే వచ్చి, అలవాటు కొద్దీ నిలువునా మడిచాడు. తోక తోక మీదికి, రెక్క రెక్క మీదికి, నూలుపోగు తేడా లేకుండా కలిశాయి. జేబులోంచి పచ్చచుక్క తీసి లోపల అంటించాడు. పదకొండేళ్లలో ఒక నిండు టోపీకి పీరా సంపాదించిన మొదటి పచ్చచుక్క అది. ఆనందం ఆపుకోలేక క్యాంటీన్‌లో అందరికీ తనే చాయ్ పోశాడు.

మంగళవారం ఐదింటికి డ్యూటీ అయ్యాక రూబీ కూతుర్ని తీసుకొచ్చింది. యూనిస్ సన్నగా, తల్లికంటే ఒక వేలు పొడుగ్గా ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. టోపీని పీరా ముందే పాత దుప్పటి కింద దాచాడు.

ఆ పిల్ల కళ్లు ఒకచోట నిలవలేదు. గోడ పొడుగునా మేకులకి వేలాడుతున్న టోపీల వరసనంతా చూస్తూ నడిచింది. ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమింది.

"ప్యాంటు ఇయ్యండన్నా, కాలు పొడుగైందని చెప్పాను గదా," అంది రూబీ, నాటకం ఆడుతూ. "యూనీ, ఇటు కూర్చో."

పిల్ల వినలేదు.

"యూనీ."

"ఆఁ?"

"ప్రతిదానికీ ఆఁ ఆఁ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను. ఒకసారి పిలిస్తే వినాలి." అంటూనే రూబీ చెయ్యి చాచి, పిల్ల జుట్టుని ఎడమ చెవి మీదికి లాగి సర్దింది. చేస్తున్నట్టు ఆవిడకే తెలియనంత అలవాటుగా చేసింది.

పీరా దర్వాన్ల టోపీ ఒకటి తీశాడు. "పాపా, ఇది యాభై ఆరు సైజు. నీ తలకి ఎలా ఉందో చూడు. ఏం లేదులే, ఊరికే, నీ వయసోళ్లకి ఏ సైజు పడుద్దో తెలుసుకుందామని."

అబద్ధం చెప్పడంలో అతను కొత్తవాడని తెలిసిపోతూనే ఉంది. యూనిస్ పట్టించుకోలేదు, సరదాగా పెట్టుకుంది. టోపీ వదులైంది. కిందికి జారి చెవుల మీద కూర్చుంది.

కీచుమని ఒక సన్నటి కూత మొదలైంది.

పీరా ముందు తన మిషన్ వైపు చూశాడు. స్విచ్ ఆపే ఉంది. తర్వాత పైన ట్యూబులైటు వైపు చూశాడు. కూత ఆగలేదు, ఈల వేసినట్టు సాగుతూనే ఉంది. రూబీ ముఖం పాలిపోయింది.

యూనిస్ తీరిగ్గా టోపీ అంచు ఎత్తింది. కూత ఆగిపోయింది. జుట్టు వెనక్కి తోసి చూపించింది. చెవి వెనక చిక్కుడుగింజంత మిషన్, దాన్నుంచి చెవిలోకి సన్నటి గొట్టం.

"ఇదే అంకుల్. గుడ్డ దగ్గరికొస్తే దీనికి కోపం. కుడి చెవి అసలు పన్జెయ్యదు. ఇటు దీంతో వినపడుద్ది. టోపీ పెట్టుకోవాలంటే ఆపేసుకోవాలి. ఆపేస్తే ఇంక చేపల తొట్టెలో ఉన్నట్టే."

పీరా టోపీ అందుకుని మేకుకి తగిలించాడు. "ఖాళీగా ఉంటే ఏం చేస్తావమ్మా?" అన్నాడు.

"బొమ్మలేస్తా. నా దగ్గర ఒకమ్మాయి ఉంది. ఎవరికీ అక్కర్లేని శబ్దాలు ఏరుకుంటా తిరుగుద్ది. మూసేసిన కొట్టు షట్టరూ, పాత పడవ ఇంజనూ, అలాంటివి. అవన్నీ దాని టోపీలో ఉంటాయి. టోపీకి ఎడమ పక్క కిటికీ ఉంటుంది, శబ్దాలు అందులోంచే లోపలికి వస్తాయి. కిటికీ చుట్టూ ఇత్తడి రింగులు." చేత్తో తన చెవి చుట్టూ అర్ధచంద్రం గీసి చూపించింది. "కిటికీ లేకపోతే అది మామూలు టోపీయే అంకుల్."

బల్ల చివర, దుప్పటి కింద, మామూలు టోపీ ఉంది. రూబీ కళ్లు ఒక్కసారి అటు వెళ్లి, పీరా మీదికి వచ్చి, నేలకి వాలాయి. మళ్లీ ఆ చెయ్యి వచ్చి జుట్టుని చెవి మీదికి లాగింది.

"పద, బస్సు పోద్ది," అంది.

ఆ రాత్రి పీరాకి ఎలక కొరికినట్టు అని తను అన్న మాటే గుర్తొచ్చింది. తల్లి గంటసేపు ఆ మాటని ఎలా దిగమింగుకుందో అనుకుంటే సిగ్గేసింది. మర్నాడు పొద్దున డ్యూటీ మొదలవకముందే చేసిన మొదటి పని, ఎడమ రెక్క మీద సుద్దతో అర్ధచంద్రం గీయడం. కత్తెర తీశాడు. మళ్లీ పెట్టేశాడు. కోస్తే మళ్లీ అతకడానికి గుడ్డ లేదు. పైగా చేయించేది తల్లి, ఆవిడ మూసేయమంది. తల్లికీ బిడ్డకీ మధ్య వేలు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

బుధవారం చాయ్ టైంకి రూబీ ఒక్కతే వచ్చింది, డ్యూటీ నుంచి తిన్నగా, యూనిఫాంలోనే. గుండె మీది జేబులో పెన్నులూ, థర్మామీటరూ, బ్యాండేజీలు కోసే మొద్దుమూతి కత్తెరా. సుద్ద గీత చూడగానే ఆవిడ ముఖం బిగుసుకుంది.

"నేను మూయమన్నాను గదన్నా."

"అన్నారు. మూశాను. గీత మాత్రం గీశాను. పాప చెప్పింది విన్నాక గీయకుండా ఉండలేకపోయాను సిస్టర్."

"తెలిసే అన్నానండీ. దాన్ని ఎవరు చూసినా ముందు మిషన్ని చూస్తారు, ఆ తర్వాతే పిల్లని. చిన్న స్కూల్లో దాన్ని రోబో అనేవాళ్లు. ఇంటికొచ్చి ఆ మాటకి అర్థం ఏంటని నన్నే అడిగింది. నాలుగేళ్లప్పట్నుంచి రోజూ దాని జుట్టు నేనే దువ్వుతాను, ఎందుకనుకుంటున్నారు?" ఆవిడ గొంతు తగ్గింది. "అక్కడ వేలమంది ఉంటారన్నా. ఒక్క రోజు, ఒక్క రోజన్నా దాని టోపీని చూడనివ్వండి. అంతే నేను అడిగేది."

"చూస్తారు సిస్టర్. పాపకే ఏమీ వినపడదు."

"ఒక్క రోజేగా."

చెవి సంగతి తనకేం తెలుసు? కన్నతల్లి కంటే ఎక్కువ ప్రేమ తనకెక్కడిది? గీతని బ్రష్షుతో దులపబోయాడు.

"ఉండండి, ఎలా ఉందో చూడనివ్వండి," అని రూబీ టోపీ అందుకుని, గోడకున్న అద్దం ముందుకెళ్లి తన తలకే పెట్టుకుంది. సరిపోయింది. రెక్కలు రెండూ చెవుల మీద హత్తుకున్నాయి. నీలం వెల్వెట్ ఆవిడ ముఖానికి కొత్త వెలుగు తెచ్చింది. తోకని చేత్తో తట్టి, అది ఊగితే నవ్వింది.

నూర్ భాయ్ చాయ్ ట్రేతో అటే వస్తూ వెనక నుంచి, "సిస్టర్, చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఆవిడ అద్దంలోకే చూస్తోంది.

"సిస్టర్, చాయ్?"

"ఆఁ?" అంది రూబీ.

ఆయన ఇంకేదో అన్నాడు. ఆయన పెదాలు కదలడం అద్దంలో కనిపించినట్టుంది, ఆవిడ ఇటు తిరిగి, కళ్లు చిట్లించి, మళ్లీ "ఆఁ?" అంది. అని, ఆగిపోయింది.

టోపీ తియ్యలేదు. అలాగే నిలబడి హాలంతా చూసింది. చాయ్ వంతు ఇంకా రాని ముప్ఫై మిషన్ల మీద సూదులు పైకీ కిందికీ పరుగెడుతున్నాయి. ఎవరో ఎవరినో కేకేస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. ఆవిడ ఒక్కొక్కరి నోటి వైపూ చూసింది. ఫోము మందంది, బక్రం గట్టిది, పీరా కుట్టు ఇంకా గట్టిది. లోపలికి శబ్దం ఎంత తక్కువ వస్తుందో కుట్టినవాడికి తెలుసు. మిషన్ అక్కర్లేని చెవులు రెండున్న ఆవిడకే ఇది పరిస్థితి.

చాలాసేపటికి టోపీ తీసింది. చాయ్ వద్దన్నట్టు నూర్ భాయ్‌కి చెయ్యి ఊపి, పీరా స్టూలు మీద కూర్చుని, టోపీని ఒళ్లో పెట్టుకుంది.

"ఈ గీత వెంబడే కొయ్యాలా అన్నా?"

"గీతకి నూలుపోగు లోపలగా," అన్నాడు పీరా.

ఆవిడ జేబులోంచి మొద్దుమూతి కత్తెర తీసింది. గాయం మీది కట్టు విప్పేటప్పుడు చర్మం తెగకుండా కోస్తారే, అలా కింది మూతిని గుడ్డ కిందికి మెల్లగా దూర్చి కోసింది. అది గుడ్డ కత్తెర కాదు. వెల్వెట్‌ని నమిలింది, ఫోము దగ్గర మొరాయించింది, బక్రం దగ్గర ఆవిడ రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. ఇంకొకరెవరైనా తన పనిని అలా కొరికి ఉంటే పీరా ఊరుకునేవాడు కాదు. అర్ధచంద్రం ఊడి ఆవిడ ఒళ్లో పడింది. రూబీ ఆ ముక్కని పిడికిట్లో పట్టుకుని ఏడ్చింది. ఎక్కువసేపు కాదు, చాయ్ టైం అయిపోయేలోపు కళ్లు తుడుచుకుంది.

"అంచు పాడు చేసేశానా?"

"నేను సరిజేస్తాను సిస్టర్. అది నా పని."

గురువారం లంచ్ టైంలో సరిజేశాడు. లోపలికి వంపు తిరిగిన అంచుకి తిన్నటి పట్టీ పట్టదు, పైపింగు గుడ్డని ఏటవాలుగా కోసుకుని, గోటితో నొక్కుతూ ఒక్కొక్క కుట్టూ చేత్తో వేశాడు. చుట్టూ ఏడు ఇత్తడి రింగులు దిగ్గొట్టి, లోపలి పట్టీని పాప తలకి తగ్గట్టు యాభై నాలుగు కొలతకి కుట్టాడు. నూర్ భాయ్ వచ్చి మడిచి చూశాడు. ఒక రెక్క నిండుగా, ఇంకో రెక్క ఖాళీగా ఉంది.

"కలుస్తలేదు," అన్నాడు.

"కలవదు భాయ్. పచ్చచుక్క తీసెయ్యమంటారా?"

ఆయన అర్ధచంద్రంలోంచి వేలు దూర్చి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఉండనీ," అని వెళ్లిపోయాడు.

శుక్రవారం పదకొండింటికి, హాలుకి వెళ్తూ వెళ్తూ, తల్లీకూతుళ్లు పీరా ఉండే లేబర్ క్యాంపు గేటు ముందు టాక్సీ ఆపించి దిగారు. టోపీ కుట్టిన మనిషికి చూపించకుండా వెళ్లనని పిల్ల పట్టుబట్టిందట. కాళ్ల దాకా బూడిదరంగు అంగీ, భుజాన సంచి, నెత్తిన టోపీ. బట్టలుతుక్కుంటున్నవాళ్లు బకెట్లు వదిలేసి గేటు దాకా వచ్చారు. తోక ఎట్లా నిలబడిందని ఒకడు అడిగితే పీరా విననట్టు ఊరుకున్నాడు. చెప్పడం మొదలుపెడితే పొద్దుపోతుంది.

అతని కళ్లు కిటికీ మీదున్నాయి. విరబోసిన జుట్టు గాలికి వచ్చి దానికి పరదాలా అడ్డం పడింది. ఇత్తడి రింగుల మధ్య నల్లటి జుట్టు తప్ప ఏమీ కనపడడం లేదు. రూబీ కూడా అదే చూస్తోంది. ఆవిడ చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎటు వెళ్తుందో పీరా మంగళవారమే రెండుసార్లు చూశాడు. జుట్టు కొసలు ఆవిడ వేళ్లకి అందాయి. ఒక క్షణం అక్కడే ఆగి, వాటిని వెనక్కి తీసి, చెవి వెనక్కి దోపి, మిషన్ పక్కగా జాగ్రత్తగా నొక్కింది. పగటి ఎండలో, ఏడు రింగుల మధ్య, చిక్కుడుగింజంత మిషన్ అందరికీ కనిపించింది.

యూనిస్ ఉలిక్కిపడి తల్లి వైపు తిరిగింది.

రూబీ పిల్ల ఎడమ పక్కకి వచ్చి, కిటికీకి దగ్గరగా వంగి ఏదో అంది. చాలా మెల్లగా అంది. మూడడుగుల దూరంలో ఉన్న పీరాకి ఒక్క ముక్క వినపడలేదు. యూనిస్ మాత్రం విని, ముందు తల్లిని నమ్మనట్టు చూసి, తర్వాత టోపీ తోక ఊగిపోయేలా నవ్వింది.

ఏమందో అడగాలని పీరాకి ఎంతో ఉంది. అడిగేలోపు టాక్సీవాడు హారన్ కొట్టాడు, వాళ్లు వెళ్లిపోయారు.